అత్త పెట్టిన బొట్టు

"నా కొడుకు బతికుండంగనే చచ్చిండని రాసినోడెవడు? వాన్ని నా ముందలికి తోల్కరా!"

బీరన్న అరుపుకు దొడ్లో గొర్రెలు కూడా మేత మాని తలలెత్తాయి. వాకిట్లో పరిచిన ఫ్లెక్సీ చుట్టూ ఆయన కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. అంత కోపంలోనూ దాని మీద కాలు పడకుండా తిరుగుతున్నాడు. ఫ్లెక్సీ నిండా కోడలు త్రివేణి నవ్వుతూ ఉంది.

చిన్న కొడుకు నాగేందర్ అది చదివి వినిపించకపోయినా బాగుండేది. ముసలాయనకు అక్షరాలు రావు. పెద్ద ఫొటో చూసి "మంచిగ పడ్డది" అని తృప్తి పడి, "ఏం రాసిన్రో చదువురా" అన్నాడు. నాగేందర్ పాఠం అప్పజెప్పినట్టు చదువుకుంటూ పోయాడు. శైలు బ్యూటీ పార్లర్ వ్యవస్థాపకురాలు, ఎందరో ఆడబిడ్డలకు పని నేర్పి నిలబెట్టిన శ్రీమతి త్రివేణి గారి సంస్మరణ సభ. భర్త, కీర్తిశేషులు మల్లికార్జున్.

అక్కడికి వచ్చాక గానీ తానేం చదివాడో అతనికి తెలియలేదు.

"పొరపాటు పడ్డది నాయినా," అన్నాడు ఇప్పుడు. "ఫ్లెక్సీ గిరికి దినాం గవే రాతలాయె. చెయ్యి అలవాటు మీద కొట్టిండు."

"అలవాటు మీద నీ పేరు ముందల కొడితే ఊకుంటవా?"

"నా పేరు ముందల ఎందుకు కొడతడు?"

"మరి వాని పేరు ముందల ఎందుకు కొట్టిండు?"

నాగేందర్ ఫోన్ చెవికి పెట్టుకుని గేటు దాకా నడిచి వెనక్కి వచ్చాడు.

మల్లికార్జున్ పేరు పెద్దగా వేయించమన్నది బీరన్నే. బొంబాయి పక్కన భీవండిలో ఇంకో సంసారం పెట్టుకుని పదేళ్లుగా ముఖం చూపించని పెద్ద కొడుకు, పెళ్లాం చావుకు కూడా రాలేదు. ఎవరి దగ్గరా పనిచేసే నంబరు లేదు. ఫ్లెక్సీ ఫొటో తమ కొత్తకోట ఊళ్లో ఫోన్లన్నీ తిరిగి ఎలాగో వాడి ఫోన్‌లో పడుతుందని, తన పేరు చూసుకుని సిగ్గుతోనైనా రేపు దినాలకు వస్తాడని ముసలాయన ఆశ.

"వాడు గిది చూస్తే ఏమనుకుంటడు? నాయిన నన్ను సంపిండు, ఇగ పోను అనుకోడా?" అన్నాడు బీరన్న. గొంతులో కోపం తగ్గి ఇంకేదో వచ్చింది.

"జర కూసో," అంది ఆయన భార్య గుర్వమ్మ అరుగు మీద నుంచి. "బీపీ గోలి ఏసుకున్నవా?"

"గోలి సంగతి తర్వాత!"

గుర్వమ్మ మళ్లీ తన పనిలో పడింది. ఆమె ముందు చాపలో గాజుల కుప్ప ఉంది. రేపు వచ్చే ముత్తైదువులకు ఇవ్వడానికి డజను డజనుగా దారం కడుతోంది. పక్కన పసుపు, కుంకుమ పొట్లాలు, మడతపెట్టిన జాకెట్ ముక్కలు. చుట్టాలంతా ఈ తొమ్మిది రోజులూ ఒకే మాట చెప్పుకుని ఓదార్చుకున్నారు. ముత్తైదువుగా పోయింది, అదృష్టవంతురాలు. అన్నసాగర్‌లో ఒక పెళ్లిపిల్లను సింగారిస్తూ సింగారిస్తూ కూలబడ్డ త్రివేణికి, ఒళ్లంతా పసుపు రాసి, చేతుల నిండా గాజులు తొడిగి, పూలతో పంపారు. కొరివి పెట్టింది ఒక్కగానొక్క బిడ్డ శైలజ.

శైలజ ఇప్పటి దాకా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. వంగి 'కీర్తిశేషులు' అన్న మాట మీద వేలితో రుద్దింది. రంగు పోలేదు.

"చిన్నాయినా, గిరికి రాతకాగితం ఎవరిచ్చిన్రు?"

"మమత పంపింది గదా, వాట్సాప్‌ల."

"నువ్వే పంపమన్నవ్," అని గేటు దగ్గర నుంచి వినిపించింది. స్కూటీ స్టాండ్ వేసి మమత లోపలికి వచ్చింది. నాగేందర్ ఫోన్‌లో ఏమన్నాడో గానీ ఆమె ముఖం ఎర్రగా ఉంది. పార్లర్‌లో త్రివేణి కుడిచేయి ఆమె. "ఫోన్‌ల అంతగనం ఒర్రుడెందుకన్నా? నేను ఒక్క అక్షరం కలపలే, ఒక్కటి తీయలే. అక్క సొరుగుల దరఖాస్తు కాగితం ఉంటే, పేర్లన్నీ దాంట్ల సరిగ్గ ఉంటయని ఫొటో తీసి పంపిన."

"ఎవరు రాసిన కాగితం?" అడిగింది శైలజ.

"అక్కనే. అక్క చేతిరాత నాకు తెల్వదా?"

గుర్వమ్మ చేతిలో దారం ముడి పడకుండా జారింది.

"అబద్ధం," అన్నాడు బీరన్న. "మొన్న దసరాకు గూడ వాడు నాకు పంచె పంపిండు. నా కోడలే తెచ్చి చేతిల పెట్టింది. మీ కొడుకు పంపిండు మామా, పాణం మంచిగ చూసుకోమన్నడు అని చెప్పింది. గా పిల్ల అట్ల రాస్తదా?"

"నాయినా, ఇగ ఇడిచిపెట్టు," అన్నాడు నాగేందర్. "గిరి ఆరు గంటల లోపట చెప్పమన్నడు. చెప్తే ఇంకోటి కొట్టిస్తడు. లేకుంటే గా జాగల స్టిక్కర్ అంటిద్దాం. రేపు అయిదారు వందల మంది ఆడోళ్లు ఒస్తరు. ఒచ్చినోళ్లు నోరు మూసుకుంటరా?"

"స్టిక్కర్ ఒద్దు, కొత్తది ఒద్దు," అంది శైలజ. "ముందు గా కాగితం నేను చూడాలె."

"చూసి ఏం జేస్తవ్?"

ఏం చేస్తుందో ఆమెకూ తెలియదు. మమత వెనక స్కూటీ ఎక్కింది.

*

హైవే పక్క దుకాణాల వరసలో పార్లర్ షట్టర్ తొమ్మిది రోజులుగా మూసే ఉంది. తాళానికి ఎవరో మల్లెదండ కట్టి పోయారు. నిన్నటి దండ వాడి కింద పడి ఉంది. ఎవరు కడుతున్నారో తెలియదు. మమత దాన్ని తీసి పక్కన పెట్టి తాళం తిప్పింది.

కరోనా ఏడాది ఈ షట్టర్ ముందే త్రివేణి ప్లాస్టిక్ టబ్బు వేసుకుని కూర్చుంది. బెంగళూరు నుంచి, బొంబాయి నుంచి నడిచి వచ్చే కూలీల కాళ్లు పెడిక్యూర్ సామానుతో కడిగి, పగుళ్లకు మందు రాసి పంపేది. ప్రతి ఒక్కరినీ ఏ ఊరి నుంచి వస్తున్నారని అడిగేది. భీవండి అన్న ఒక మనిషిని మాత్రం రెండు పూటలు ఉంచుకుంది, అన్నం పెట్టి ఏవేవో అడిగింది. నాన్న ఆచూకీ కోసం అనుకుంది శైలజ అప్పుడు. "ఇంకా ఎందుకమ్మా ఆయన ఎంబడి పడుతవ్?" అని కసిరింది కూడా.

లోపల క్రీముల వాసన అలాగే ఉంది. కుర్చీ వెనక అమ్మ దుపట్టా అలాగే వేలాడుతోంది. శైలజ అటు చూడకుండా సొరుగు లాగింది.

పచ్చ ఫైలు. మొదటి కాగితం దరఖాస్తు. భర్త లేని ఆడవాళ్లకు పార్లర్ పని, కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రం కోసం. దరఖాస్తుదారు పేరు త్రివేణి. భర్త పేరు దగ్గర, ఫ్లెక్సీ మీద ఉన్నది ఉన్నట్టుగా, అమ్మ గుండ్రటి అక్షరాలు.

కింద ఇంకో కాగితం పిన్నుతో గుచ్చి ఉంది. మరాఠీలో ఉంది, పైన భీవండి మున్సిపాలిటీ ముద్ర. పదో తరగతి హిందీతో శైలజ ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. మృత్యు. తర్వాత నాన్న పేరు. తర్వాత తాత పేరు. తర్వాత తేదీ, జూన్ తొమ్మిది, రెండు వేల పద్నాలుగు. చావు సంగతి తెలిపినవారు అన్న చోట అమ్మ పేరు.

"ఏం రాసుంది?" అంది మమత.

శైలజ కాగితం ఆమె చేతిలో పెట్టింది. మమతకు ఆ లిపి రాదు. కానీ శైలజ ముఖం చూసి ఇంకేం అడగలేదు.

పద్నాలుగు జూన్. శైలజకు పదమూడేళ్లు. కొత్త రాష్ట్రం వచ్చిందని వీధివీధినా పటాకులు కాల్చిన వారం దాటిన వారం. అమ్మ హైదరాబాద్‌లో బ్యూటీషియన్ కోర్సని ఆరు రోజులు పోయింది. వచ్చేటప్పుడు రంగురంగుల క్లిప్పుల డబ్బా తెచ్చింది. గొంతు పూర్తిగా పోయి ఉంది. హాస్టల్‌లో ఏసీ పడలేదంది. శైలజ ఆ క్లిప్పులు పెట్టుకుని బడి తెరిచిన రోజు మురిసిపోయింది.

ఆ తర్వాత ఏడాదికల్లా "మీ నాన్న ఇంకొకామెను పెట్టుకుండట" అని బడిలో పిల్లలు అన్నారు. ఇంటికి వచ్చి ఏడిస్తే, అమ్మ కాదనలేదు. కాదంటుందేమోనని అరగంట ఆమె ముఖం చూస్తూ కూర్చున్నది ఇప్పటికీ గుర్తే. ఇన్నేళ్లు తాను ఎవరిని ద్వేషించింది? నాన్న లేడని ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇప్పుడు ఏడవాలా? మైల ఎప్పటి నుంచి లెక్క? అమ్మ దినాలు రేపు. నాన్నవి ఎప్పుడు?

"పార్లర్ తెరిచి అప్పటికి రెండేండ్లు గూడ కాలే," అంది శైలజ. ఎవరికి చెబుతోందో ఆమెకే తెలియలేదు. "తాతకు ఆపరేషన్ అయిన ఏడాది. మొగడు పోయినామెను పెండ్లిండ్లకు ఎవరు పిలుస్తరు? పార్లర్ మూసుకోవాల్సొచ్చేది. గంతే అయి ఉంటది. గందుకే చెప్పలే."

మమత కుర్చీలో కూర్చుంది. త్రివేణి పెళ్లిపిల్లలను కూర్చోబెట్టే కుర్చీ అది. ఆమె ఎప్పుడూ దాంట్లో కూర్చోగా శైలజ చూడలేదు.

"గందుకే అయి ఉంటది," అంది మమత. "కని నన్నెందుకు బయట కూసోబెట్టింది?"

"ఏంది?"

"పెండ్లి ఇండ్లల్ల. జడ నేనే ఏస్తుంటి. చీర కుచ్చిళ్లు నేనే పెడుతుంటి. ఇగ బొట్టు పెట్టే యాళ్లకు, మమతా, నువ్వు జర బయట కూసో అనేది. ముఖం అటు తిప్పి అనేది. మూడేండ్లు. నా మొగడు రోడ్డు మీద పోయిండు గాబట్టి నా చెయ్యి మంచిది గాదు, గది నిజమే అనుకున్న. అక్క మాత్రం ఏం జేస్తది, ఆ ఇంటోళ్ల కోసం అంటున్నది అనుకుని కారు పక్క నిలబడుతుంటి." కాగితం మీద చేయి వేసింది. "లోపలున్నామె కూడ నా అసొంటిదేనంట."

"మమతక్కా, అమ్మ నీకు పని నేర్పింది. నిన్ను మీ అత్తగారింటోళ్లు ఎల్లగొడితే ఆర్నెల్లు మా ఇంట్ల పెట్టుకున్నది."

"పెట్టుకున్నది. గందుకే గదా నోరు తెరవకుంట కారు పక్క నిలబడ్డ?"

శైలజకు కోపం వచ్చింది. అది మమత మీదో, అమ్మ మీదో తేలలేదు. "నువ్వు గా ఫొటో తీసేటప్పుడు చూడలేదా? చూసే పంపినవా?"

"ఏమంటున్నవ్?"

"అడుగుతున్న."

"నాకు కండ్లు కనవడ్డయా ఆ రోజు?" మమత లేచింది. "చేతులు ఒణికి మూడుసార్లు తీసిన ఫొటో. నువ్వు ఇంత సదివి గిదా అడిగేది?"

బయట లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అద్దాల్లో ఇద్దరూ కనిపిస్తున్నారు, ముందు నుంచీ వెనక నుంచీ.

మమత కుర్చీ వీపు పట్టుకుని నెమ్మదిగా అంది.

"నా పెండ్లికి బొట్టు పెట్టింది గూడ అక్కనే."

శైలజ తలెత్తింది.

"అట్ల చూడకు. గందుకే నా మొగడు పోయిండని నేను అనుకోను. అట్ల అనుకునేటోళ్లను అక్క ఎన్ని తిట్టిందో నాకు తెలుసు. కని మనసులకు ఒచ్చింది శైలూ. ఒచ్చినంక ఏం జెయ్యాలె? నాకే గిట్ల ఒచ్చిందంటే, రేపు ఒచ్చేటోళ్లకు రాదా? అక్క చేతుల మీదికెల్లి పోయిన పెండ్లిపిల్లలు ఎంతమంది? ఒక్కొక్కరు ఇంటికి పోయి ఎవరెవరికి ఏమేం అయిందో తీయరా?"

శైలజ ఫైలు తిరగేసింది. చివర చిత్తుకాగితం ఉంది, గీతల నోటుబుక్కు నుంచి చింపింది. దరఖాస్తులో రాయాల్సిన మాటలు ముందుగా దాంట్లో రాసుకున్నట్టుంది. కింద, దరఖాస్తులోకి ఎక్కని ఒక వాక్యం. "కేంద్రం తెరిచిన రోజు అందరి ముందు నా సంగతి నేనే చెప్పి, మొదటి పెండ్లిపిల్లకు మమతతో బొట్టు పెట్టిస్తాను."

ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత. కొట్టేసింది.

మమత కూడా చదివింది. రెండుసార్లు చదివింది. "కొట్టేసిందెందుకు?" అంది.

చెప్పొద్దనుకుందా? చెప్పలేననుకుందా? దరఖాస్తులో ఇది అక్కర్లేదని మాత్రమే కొట్టేసిందా? గీత కొంచెం వంకరగా ఉంది. శైలజ ఆ వంకరలో కూడా ఏదైనా దొరుకుతుందేమోనని చూసింది. ఏమీ దొరకలేదు.

ఫోన్ మోగింది. నాగేందర్.

"గిరి కాడ ఉన్న. అయిదున్నర అయితాంది. ఏం కొట్టమంటవ్ బిడ్డా?"

"ఇంటికి పోయి చెప్త చిన్నాయినా."

"ఇంటికి పోయి చెప్పేదేంది? పొరపాటని తేలిందా లేదా?"

శైలజ ఫోన్ పెట్టేసింది.

*

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఫ్లెక్సీ చుట్టి గోడకు ఆనించి ఉంది. బీరన్న కనిపించలేదు. లోపల గదిలో పెట్టె మూత తీస్తున్న చప్పుడు వచ్చింది.

గుర్వమ్మ అరుగు మీదే ఉంది. గాజులు ఇంకా కడుతోంది. కుప్ప తగ్గినట్టు లేదు. కట్టినవే విప్పి మళ్లీ కడుతోందేమోననిపించింది శైలజకు. ఫైలు చున్నీ కింద పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చుంది. మమత మెట్టు మీద ఆగిపోయింది.

"అవ్వా."

"ఊ."

"అమ్మకు దినాం పొద్దుగాల బొట్టు నువ్వెందుకు పెడుతుంటివి?"

ఈ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే అది. పార్లర్ పెట్టి పది ఊళ్లకు పేరు తెచ్చుకున్నా, అత్త చేత బొట్టు పెట్టించుకోనిదే గడప దాటదని త్రివేణిని చూపించి కొత్తకోడళ్లకు చెప్పేవారు.

"అడిగింది, పెట్టిన," అంది గుర్వమ్మ.

"ఎప్పటిసంది?"

"నీకు తెల్వదా?"

"చెప్పవ్వా."

"కోర్సు నేర్సుకొని ఒచ్చినసంది." గుర్వమ్మ పచ్చగాజు ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. బీటేమీ లేదు. కుప్పలో వేసింది. "ఒచ్చిన తెల్లారి తానం జేసి నా ముందల కూసున్నది. అత్తమ్మా, బొట్టు పెట్టు అన్నది. నీ చేతులకేమైందే అన్న. ఒణుకుతున్నయ్ అన్నది. పెండ్లిపిల్లలకు గీత తప్పకుంట పెట్టే చేతులు. చూసిన. ఒణుకుతలేవు."

"మరి?"

"పెట్టిన."

"ఎందుకని అడగలేదా?"

"లేదు."

"పదేండ్లల్ల ఒక్కసారన్న?"

"అడిగితే చెప్తదాయె," అంది గుర్వమ్మ.

శైలజ చేతిలో ఫైలు బరువెక్కింది. అవ్వకు తెలుసని దీని అర్థమా? తెలియకుండా ఉండాలని పదేళ్లు ప్రతి ఉదయం ఒక పని పెట్టుకుందనా? ఏ తల్లి అయినా అలా చేయగలదా? కోడలి నుదుటి మీద రోజూ వేలు పెట్టి, ఆ బొట్టు కింద కొడుకు ఉన్నాడో లేడో అడగకుండా?

"అవ్వా, కాగితం దొరికింది," అంది. "చూపియ్యనా?"

"నాకు సదువు రాదు బిడ్డా."

"నేను చదువుత."

"నాకు చెవులు గూడ సరిగ్గ ఇనవడవు." ఆ మాట అంటూనే గుర్వమ్మ మెట్టు మీద మమత కదిలిన చిన్న చప్పుడుకు తల తిప్పింది. "మమతా, ఈడికి రా."

మమత వచ్చింది. గుర్వమ్మ ఒళ్లో నుంచి కుంకుమ భరిణె తీసింది. త్రివేణిది. ఇత్తడిది, మూత దగ్గర అరిగి తెల్లబడింది. మమత చేయి పట్టుకుని అందులో పెట్టింది.

"రేపు ఒచ్చే ఆడోళ్లకు బొట్టు నువ్వు పెట్టు."

మమత చేయి వెనక్కి లాక్కోలేదు, వేళ్లు మూయనూ లేదు. "నేనా?"

"నువ్వే. నాకు మోకాళ్లు లేస్తలేవు."

"నీకు మోకాళ్లు లేస్తలేవని నేను పెట్టాల్నా? మూడేండ్లు నేను కారు పక్క నిలబడ్డప్పుడు లేచినయా నీ మోకాళ్లు?" మమత కళ్లు నిండాయి. "తెలిసి గూడ అక్కకు పెట్టినవ్. మా అత్తగారింటోళ్లు నా బొట్టు చెరిపి ఎల్లగొట్టినంక ఆర్నెల్లు గీ ఇంట్లనే ఉన్న గదా అవ్వా. పక్క గదిలనే ఉన్న. ఒక్కనాడన్న నన్ను పిలిచినవా?"

గుర్వమ్మ గాజుల కుప్పను సర్దసాగింది.

మమత భరిణెను గాజుల పక్కన పెట్టింది, మెల్లగా, చప్పుడు కాకుండా. "ఎవరన్న ఒద్దని ముఖం తిప్పుకుంటే నాతోటి గాదు," అంది. కానీ వెళ్లిపోలేదు. మెట్టు దాకా పోయి, అక్కడే వీపు తిప్పి కూర్చుంది.

"అమ్మ రాసుకున్నది మమతక్కా," అంది శైలజ. "నీ పేరే రాసుకున్నది."

"రాసి కొట్టేసింది గదా."

శైలజ ఫైలును చున్నీ కింద ఇంకా లోపలికి జరిపింది.

ఫోన్ మళ్లీ మోగింది. నాగేందర్ పేరు వెలుగుతూ ఆరుతూ ఉంది. ఎత్తి ఏం చెప్పాలి? ఉన్నది ఉంచమంటే, రేపు తాత ఆ ఫ్లెక్సీ కింద ఎలా నిలబడతాడు? ఆ గాజులు ఎవరు తీసుకుంటారు? అమ్మ చేతి బొట్టుతో కాపురాలకు పోయిన పిల్లలు పూలు పట్టుకుని వచ్చి, పూలు పట్టుకునే తిరిగి పోతారా? తీసేయమంటే, అమ్మ సభలో అమ్మ పేరు పక్కన మళ్లీ అబద్ధమే నిలబడుతుంది, ఈసారి తన చేతి మీదుగా.

ఏది అమ్మకు గౌరవం? డిగ్రీ చదివిన మూడేళ్లలో ఎవరూ ఇది చెప్పలేదు.

"ఫోన్ ఎత్తకు."

బీరన్న గడపలో నిలబడి ఉన్నాడు. కర్ర లేదు. రెండు చేతుల మీద కొత్త పంచె, మడత విప్పనిది. మొన్నటి దసరాది. వాడు వచ్చిన రోజు కడతానని పెట్టెలో దాచుకున్నది.

"కూసోని ఆలోచన చేసిన," అన్నాడు. అరిచిన మనిషేనా అన్నట్టుంది గొంతు. "వాడు ఈడ ఉన్నన్ని దినాలు నాకు ఒక్క పంచె కొనలే. ఆడికి పోయినంక ఏడాది తప్పకుంట పంపవట్టె. బుద్ధొచ్చింది కొడుక్కు అనుకున్న. నా కోడలు పార్సిల్ చించి, మడత సాపు జేసి తెచ్చిస్తుండె. పార్సిల్ కాగితం నేనెన్నడూ చూడలే."

ఆయన వచ్చి శైలజ ముందు కింద మోకాళ్ల మీద కూర్చోబోయి, కూర్చోలేక, వంగి పంచె ఆమె ఒళ్లో పెట్టాడు. మడత అంచు తిప్పాడు. లోపల, పట్టించి చూస్తే తప్ప కనపడని చోట, దుకాణం వాళ్ల చిన్న చీటీ అంటించి ఉంది. ప్రతి ఏడాదీ తీసేసిన చేతులు ఈసారి తీయడం మరిచాయో, కావాలనే వదిలేశాయో.

"నువ్వు సదువుకున్నవ్ బిడ్డా. గీ చీటీ మీద ఏ ఊరి పేరున్నదో చదువు."

శైలజకు చదవనక్కర్లేకుండానే కనిపించింది. కొత్తకోట, హైవే రోడ్డు. పార్లర్‌కు నాలుగు దుకాణాల అవతల.

గుర్వమ్మ చేతిలో గాజులు ఆగిపోయాయి. మెట్టు మీద మమత తల తిప్పలేదు, కానీ వీపు నిటారుగా అయింది. ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది.

"తాతా, ముందు కూసో," అంది శైలజ.

"నిలబడే వింట," అన్నాడు బీరన్న. "ఉన్నది ఉన్నట్టు చదువు."